చక్రానికొక్కసారి

ఎనుమాముల మార్కెట్ గేటుకు ఎదురుంగ మా షెడ్డు.
మిర్చి సీజన్ల పానాలు సుత తుమ్ముతయి.

దడ్వాయి భద్రయ్య బండి దిగకముందే అన్నడు:
"ముందటి చక్రం ఏందో గొణుగుతాంది.
డిస్కు మార్చు. ఎంతయితది?"

యాకూబ్ చాచా పైసల మాట ఎత్తలే.
డిస్కు దగ్గరికి అరచెయ్యి తీస్కపోయి
అంటకుండ ఆపిండు,
రొట్టె పెనం కాగిందా లేదా చూసినట్టు.
"ఎక్కడ్నో రాస్తాంది. లే పోరీ, తిప్పు."

ముప్పై ఏండ్లు లారీ ఇంజన్ల కాడ నిలవడ్డ చెవులు ఆయనయి.
ఎడమది పోయింది. కుడిది పోతాంది.
ఎవలకు చెప్పడు.
సప్పుడు పట్టే పని వచ్చినప్పుడల్లా
నన్ను చక్రం పక్కన కూసోవెడతడు, అంతే.

ఇంజన్ కింద మొద్దు వెట్టి, చక్రం లేపి తిప్పిన.
స్స్...

స్స్...
జల్లెడల నూకలు జరిగినట్టు.
నడుమ నిమ్మళం.

"ఎడతెగకుంటనా, ఆగాగానా?"
"చక్రానికొక్కసారి, చాచా."
"అయితే ప్యాడ్ల తప్పు కాదు. పళ్లెం వంగింది."

సుద్దముక్క కదలకుండ పట్టిన.
తిరిగే డిస్కు తన వంకర మీద
తనే గీత గీసుకుంది,
గాలి మూతికి బెత్తెడు దూరంల.
వెనుక తెల్లకాగితం అడ్డం వెడితే
ప్యాడుకు డిస్కుకు నడుమ నూలుపోగంత వెలుగు.
గీత కాడికి రాంగనె ఆ పోగు తెగుతాంది.

భద్రయ్య వంగి చూసిండు.
కాంటా ముల్లు చూసి చూసి అరిగిన కండ్లు గదా,
"ఎడమకు. వెంట్రుకంత," అన్నడు
మేం కొలవకముందే.

అప్పుడు చాచా తల ఎత్తిండు.
"ఎక్కడ పడ్డది బండి?"
"పడలే."
చాచా చూసుడు ఆపలే.
"...నర్సంపేట తొవ్వల. రాయికి తాకింది.
రెండు బస్తాల మిర్చి ఉండె వెనుక.
ఇంట్ల చెప్పలే. మోకాలు సుత చూపియ్యలే."

డిస్కు సల్లారేదాక చాయ్ తాగినం.
పెద్ద పానా నోటికి గుడ్డ చుట్టి
అంచు పట్టి కుడికి, గోరంత.
తిప్పు. ఇంకింత. తిప్పు.
నాలుగోసారి నా చేతుల ఎక్కువ ఒంగింది,
చాచా తిట్టిండు, మళ్ల ఇవతలికి గుంజినం.

ఏడోసారి తిప్పిన చక్రం
తిరిగి తిరిగి
ఏమనకుండ ఆగింది.

చాచా చక్రం దిక్కు చూస్తలేడు.
నా మొఖం దిక్కు చూస్తాండు.

"యాభై ఇయ్యి," అన్నడు భద్రయ్యతోటి,
"మోకాలు ఇంట్ల చూపియ్యి."