ఇంకో రాడ్డు

షువైఖ్ రిపేరు షాపులో
చచ్చిన లాప్‌టాప్‌ల పొట్టలు కోసి
సెల్లులు తెచ్చుకునేవాణ్ణి, జేబులో నాలుగూ ఐదూ,
వేయించిన వేరుశెనక్కాయల్లా.

ఒక్కోదానికీ నిండా ఛార్జి ఎక్కించి
మంచం కింద అట్టపెట్టెలో వారం పడుకోబెట్టాను.
ఏ పనీ చెప్పలేదు, ఏ బల్బూ తగిలించలేదు.
వారం తర్వాత మీటరు పెడితే
కొన్ని ఊరికే కూర్చునే చిక్కిపోయాయి.
అవతల పారెయ్యమన్నాను.
పెంచలయ్య వాటిని కాసేపు అరచేతిలో పెట్టుకుని
తర్వాతే తీసుకెళ్లాడు.

నిలిచినవి ఇరవై నాలుగు.
ఎనిమిదేసి చొప్పున మూడు వరసలు.
నికెల్ పట్టీ అతికిస్తుంటే వాసన మెట్లెక్కి
హారిస్ సబ్రీని పిలుచుకొచ్చింది.
"నార్! నార్!" అన్నాడు, చేతులు మంటలా ఎగరేస్తూ.
నాకూ భయమే బాబూ.
అందుకే అన్నీ పాతవైనా కాపుకాసే బోర్డు కొత్తది,
అందుకే కింద టైలు, పక్కన ఇసుక బకెట్టు.
అతను బకెట్టులో చెయ్యి దించి
ఇసుక ఎంత లోతుందో చూసి వెళ్లిపోయాడు.

జలీబ్‌లో ఆగస్టు, శుక్రవారం, రెండు గంటలు.
ఏసీ ఒక్కసారి దగ్గి ఆగింది.
వీధి వీధంతా ఆగింది.
మా గదిలో మాత్రం చిన్న ఫ్యాను తల తిప్పుతోంది,
సిమ్ రూటర్ ఆకుపచ్చగా రెప్పలేస్తోంది.
ఆరుగురం చప్పట్లు కొట్టాం.
ఖాజా కొట్టలేదు.
ఖాజా రాయచోటి దగ్గర ఉన్నాడు.

గ్లాసుకు ఆనించిన ఫోనులో
ఎర్రటి బండి, తెల్లటి దుమ్ము,
వెనక ముడుచుకుపోయిన చీనీ చెట్లు.
బామ్మర్ది మస్తాను కేకేస్తున్నాడు:
"బావా, ఆరొందల అరవై! ఇంకో రాడ్డు దించమంటావా?"
ఇది మూడో బోరు.
మొదటి రెండూ అతని నాలుగేళ్లు తాగి
పొడి దుమ్మే కక్కాయి.

"ఇంకో రాడ్డు."

నా చేతిలో మీటరు: పదకొండు పాయింట్ నాలుగు.
పదిన్నరకి దిగితే రూటర్ కళ్లు మూసేస్తుంది.
నిన్నటి కోతకి ఖర్చైంది సగం కూడా నిండలేదని
నేనప్పుడే చెప్పాను.

ఆరొందల ఎనభై. పదకొండు పాయింట్ ఒకటి.
ఒక అంకె కిందికి, ఒక అంకె ఇంకా కిందికి.
అడుగుకి ఎంత రూపాయో ఖాజా పెదాలు లెక్కపెడుతున్నాయి.
యేసురత్నం ఏమీ అనకుండా లేచి
ఫ్యాను వైరు పీకేశాడు.

బయట నలభై తొమ్మిది. కిటికీ ఇనుము ముట్టుకోలేం.
చొక్కాలు విప్పాం. చెమట మోచేతుల దాకా వచ్చి
అక్కడ నిలబడి ఆలోచించి, రాలుతోంది.
ఏడొందల ఇరవై.
"ఇంకో రాడ్డు," అన్నాడు పెంచలయ్య.
అతనిది కాదు పొలం.
"ఇంకోటి," అన్నాడు యేసురత్నం,
కోనసీమవాడు, బావిలో నీళ్లు వంగి ముంచుకున్నవాడు.

పది పాయింట్ ఏడు.
దుమ్ము రంగు మారినట్టు నాకనిపించింది.
డ్రిల్లరు బండి ఆపాడు. వంగాడు.
గొట్టం పక్కనుంచి చిటికెడు మట్టి తీసి
బొటనవేలితో నలిపి
చెయ్యి కెమెరా ముందుకి తెస్తున్నాడు,
తెస్తున్నాడు,

రూటర్ ఆరిపోయింది.

ఎవరం మాట్లాడలేదు.
ఇరవై నాలుగు సెల్లులూ చెయ్యగలిగింది చేశాయి,
వాటిని తిట్టడానికి నాకు నోరు రాలేదు.
కింద ఎక్కడో సబ్రీ నీళ్ల మోటారుని
అరబ్బీలో బతిమాలుతున్నాడు.

ఖాజా మాత్రం నల్లటి ఫోను వైపే చూస్తూ
తన బొటనవేలూ చూపుడువేలూ కలిపి
మెల్లగా నలుపుతున్నాడు.
ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.
తర్వాత, అడక్కుండానే,
ఆ చెయ్యి మాకు చాపాడు.