పంటి బిగువు

ట్రాబ్జోన్‌లో ఆ ఉదయం సముద్రం మీద వాన.
మూడో థియేటర్లో షెరిఫే గారు, అరవై మూడేళ్లు.
హేజల్‌నట్ తోటల్లో అరిగిన చేతులు.
ఎంత తోమినా గోళ్ల అంచున మరక పోలేదని
సిగ్గుపడుతూ చూపించింది.

"ఎక్కడైనా నొప్పులున్నాయా?"
"లేవు."
"మోకాళ్లు? నడుము? భుజాలు?"
"చెప్పాగా, లేవని."
మూడు గళ్లలో మూడు సున్నాలు చుట్టాను.
ఈ తీరం ఆడవాళ్ల సున్నాలు
ఇరవై ఏళ్లుగా చుడుతూనే ఉన్నాను.
మా అమ్మవి కూడా.

ఆమె నిద్రపోయాక
అల్ట్రాసౌండ్ తెర మీద కండరాలు తేలాయి,
పొర మీద పొర, మధ్య సన్నటి తెల్లగీత.
సూది మొనను ఆ గీతలోకి నడిపాను.
మందు దిగుతుంటే గీత
నల్లగా పెదవులు విప్పింది.
రొమ్ము నుంచి పైకి పోయే సందులన్నీ
ఒక్కొక్కటే తలుపేసుకున్నాయి
అనుకున్నాను.
అనుకోవడమే. నిద్రలో ఉన్న మనిషిని
మొద్దుబారిందా అని అడగలేం కదా.

అందుకే ఈ పెట్టె.
గుండె దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం కొలిచి
ఊపిరితో అదెంత ఊగుతోందో చూసి
ఒక అంకె చెబుతుంది.
డెబ్బై అంటే తెరిపి.
యాభై దిగితే, ఎక్కడో నొస్తోంది.

తురాన్ కత్తి పెట్టాడు. డెబ్బై నాలుగు.
చర్మం విచ్చింది. డెబ్బై రెండు.
కాటరీ పొగ, కమురు వాసన. డెబ్బై మూడు.
నాలో కాస్త గర్వం లేచి నిలబడింది,
కూర్చోమన్నాను.

నలభై నిమిషాలకు
అరవై. యాభై రెండు. నలభై ఒకటి.
కత్తి ట్రేలో ఉంది.
నర్సు సెవ్‌దా సూదిలోకి దారం ఎక్కిస్తోంది.
ఎవరూ ఆమెను తాకడం లేదు.
నలభై.

"మందు పెంచనా?" అంది జూనియర్.
తన చెయ్యి సిరంజి మీదికి పోయింది. నాదీ పోయేదే.
ఎందుకో ఆగి, గుడ్డల కిందికి దూరాను.

చంక కనబడాలని పక్కకు చాచి కట్టిన ఎడమ చెయ్యి
కట్టు సడలి, పలక అంచు జారి
భుజం నుంచి వెనక్కి వేలాడుతోంది.
తువ్వాలు మడిచి మోచేతి కింద పెట్టాను.
భుజాన్ని రెండు చేతులా ఎత్తిపట్టాను,
బీట వారిన కుండను పట్టినట్టు.
అక్కణ్ణుంచి నాకు తెర కనబడదు.
సెవ్‌దా పైనుంచి చదువుతోంది, బస్తాలు లెక్కపెట్టినట్టు:
నలభై ఎనిమిది. యాభై ఐదు. అరవై ఆరు.

అప్పుడు చూశాను.
మెడ కింది ఎముక మీద
బుట్ట తాడు ఒరిసి ఒరిసి పడిన గాడి.

నేను మూసింది రొమ్ము దారులనే.
భుజానిది వేరే దారి.
ఎన్ని ఆగస్టులు ఆ కొండవాలున మోసిందో,
ఇన్నాళ్లూ ఆ దారికి కాపలా ఆమె పళ్లే.
ఇవాళ ఆ పళ్ల మధ్య నా గొట్టం.
దవడ సడలిపోయింది.
ఇక చెప్పేందుకు గుండె ఒక్కటే మిగిలింది,
దానికి అబద్ధమాడటం ఎవరూ నేర్పలేదు.

మధ్యాహ్నం కళ్లు తెరిచింది.
కట్టు వైపు చూడలేదు.
"నొప్పుందా?"
"లేదు."
నమ్మాలో లేదో. పెట్టె పై అంతస్తులోనే ఉండిపోయింది.
"ఎడమ భుజం?"
నా వైపు తిరిగింది. చాలాసేపు చూసింది.
"ఎవరు చెప్పారు నీకు?"
పక్క మంచం వినకుండా
గొంతు బాగా తగ్గించి.

సాయంత్రం ఫారం తీసి
మూడో గడిలో సున్నా కొట్టేశాను.
దాని పక్కన ఏ అంకె రాయాలో తోచక
పెన్నుకు మూత పెట్టి
టీ కోసం వెళ్లాను.