తరుగు

ఎనుమాముల యార్డుల పందొమ్మిదేండ్ల సంది
దడ్వాయిని నేను.
పత్తి బోరంల చెయ్యి వెట్టి
తేమెంతో చెప్పేటోన్ని.
నా బొడ్డు కాడి బరువు మాత్రం
ప్యాంటు గుండీ ఊడి సుగుణ చేతుల వడ్డనాడే చూసిన.

హమాలీగున్నప్పుడు ఇట్ల లేకుండె.
లారీ బల్లెక్కి వీపు మీద క్వింటాలు మోసిన పెయ్యి ఇది.
కుర్చీ దొరికినంక
చాయ్ గిలాసల చక్కెర తీరు
మెల్లగ అడుగువట్టిన.

ఎనభై తొమ్మిది కిలోల మున్నూరు గ్రాములు.
హంటర్ రోడ్డు డాక్టరు కాయితం మీద రాసిండు: డెబ్బై ఆరు.
అంటే పదమూడు కిలోల తరుగు.
నవ్వొచ్చింది.
బస్తాకు రెండు కిలోలు కోస్తేనే
రైతు నా దిక్కు చూసే చూపు నాకెరుక.

బిడ్డ నవ్య గోడకు చార్టు అతికిచ్చింది.
పదహారు గంటలు కడుపు కట్టేసుడు,
ఎనిమిది గంటలల్ల తినుడు.
పొద్దుగాల ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుల ఐదు చుట్లు,
వారానికి మూడొద్దులు కరీమాబాద్ జిమ్ముల ఇనుము.
పైసలిచ్చి బరువులెత్తుడు!
మొదటి దినం డంబెల్ కింద వెట్టి
అలవాటు చొప్పున కూలి అడగబోయిన.

వారంల నాలుగు కిలోలు దిగినయ్.
ఇంట్ల పండుగ.
నాకు తెలుసు, చెప్పలే:
అది దూది గాదు, తేమ.
రెండెండలు తాకితే ఏ బోరమైనా అంత దిగుతది.

రెండో నెల అంకె ఆగింది.
నాకు షావుకారు ఆశ వుట్టింది.
పదహారును ఇరవై చేసిన.
ఉత్త కడుపుతోటి ఇనుమెత్తిన.
సుగుణ సర్వపిండి చేసి ముంగట వెడితే
పళ్లెం జరిపిన.
ఆమె ఏమనలే. ఒక్కతే తిన్నది.
నమిలే చప్పుడు అర్ధరాత్రి దాక ఇనవడ్డది నాకు.

మా అవ్వ ఒక్కపొద్దులుండేది.
శనివారంది దేవునికి.
మిగిలినయ్ గంజి లేక.
అన్నిటికీ ఒక్కటే పేరు వెట్టుకున్నది,
మేమడిగితే చెప్పనీకి అలకగుంటదని.

మిర్చి సీజన్ల రంజాన్ వచ్చింది.
ఘాటుకు తుమ్ముకుంట, గొంతుల చుక్క నీళ్లు లేకుండ
ఖాజామియా ఇరవై బస్తాలు మోసి ఆగిండు.
మిగిలినయ్ తమ్మునికిచ్చిండు, కూలితో సహా.
"ఉపాసమున్న పెయ్యికి
ఉపాసమంత పనే చెప్పాలె అన్నా" అన్నడు.
నేనిన్లే.

పన్నెండున్నరకు, నలభై ఏడో బస్తా కాడ
ఎర్రటి మిర్చి నల్లగ కనవడ్డది.

కండ్లు తెరిస్తే
పర్కాల దిక్కు రైతు మొగిలి ఒళ్లె నా తలకాయ.
పొద్దుగాల ఆయన కుప్పకు తరుగు కోసింది నేనే.
సద్ది గిన్నె మూత తీసిండు.
మక్క గట్క, సల్ల, కొరికిన ఉల్లిగడ్డ సగం.
"నా టైం కాలే" అనుకుంట గడియారం దిక్కు చూసిన.
ఆయన నా పెదవుల దిక్కు చూసిండు.
"తిను దడ్వాయీ,
దీనికి తరుగు లేదు."

తిన్న.
ఎక్కిళ్లొచ్చినయ్. ఘాటుకే అనుకున్నరు అందరు.

ఇప్పుడు చార్టు మీద నవ్య గీతలు కొన్ని,
సుగుణ గీతలు కొన్ని.
రాత్రి ఏడు దాటితే ముట్టను, పొద్దుగాల తొమ్మిదికి ముడి ఇప్పుత.
రెండు గుడ్లు, ఉడికిన పెసర్లు, పిడికెడు బువ్వ.
ఇనుమెత్తిన దినం కడుపు మాడ్చను.
ఆదివారం సర్వపిండిల సగం నాది,
మాడిన అంచు ఆమెది, దానికి మాత్రం బేరం లేదు.
మొగిలి మళ్లొచ్చిండు మొన్న.
ఆయన బస్తాల చెయ్యి వెట్టి
శానాసేపు అట్లనే నిలవడ్డ.

మాపటికి యార్డు ఖాళీ అయినంక
చెప్పులిడిసి కాంటా ఎక్కిన.
ఎర్రంకెలు ఎనభై ఒకటికీ రెంటికీ నడుమ ఊగుతున్నయ్,
ఊపిరి పీల్చినా కదులుతున్నయ్.
చీటీల పుస్తకం జేబుల్నే ఉన్నది.
అంకె నిలవకముందు రాసే అలవాటు లేదు నాకు.