మంగళవారం అడుగులు

నా ఇంటి కప్పే ఆమె ఇంటి నేల.
పై అంతస్తులోకి ఎవరొచ్చినా
నాకు ముందు పరిచయమయ్యేది వాళ్ళ పాదాలే.
ఒడెట్‌వి మరీ తేలిక,
ఎడమ మడమ కాస్త ఈడుస్తుంది.
తెల్లవారుజామున నాలుగింటికి బేకరీకి వెళ్తూ
నాకు నిద్రాభంగం కాకూడదని
బూట్లు చేత్తో పట్టుకుని మెట్లు దిగేది.
ఆ సంగతి నాకు తెలుసని ఆమెకు తెలియదు.

ముప్పై ఒక్కేళ్ళు హాలిఫాక్స్ రేవులో
పడవకు తాళ్ళు వేసినవాణ్ణి.
పొగమంచులో కళ్ళు పనికిరావు,
చెవులతోనే ఒడ్డును పట్టుకోవాలి.
అందుకే ఆ మంగళవారం
కోట మీద పన్నెండు గంటల ఫిరంగి పేలాక
పైన వినబడ్డవి ఆమె అడుగులు కావని
ఇట్టే తెలిసిపోయింది.

బరువైనవి. తొందర లేనివి.
తలుపు దగ్గర మొదలై వంటగది దాకా,
అక్కణ్ణుంచి పడకగదికి,
అక్కడ ఆగి...
ఆగి ఉండటానికి కూడా ఓ చప్పుడుంటుంది,
చెక్క సన్నగా మూలుగుతుంది.

ఇంటి యజమాని వైనట్.
తాళంచెవి ఆయన దగ్గర ఉంటుంది, ఉండాలి కూడా,
పైపు పగిలితే, హీటర్ ఆగిపోతే.
పైపు పగల్లేదు.
ఆ చలికాలమంతా ఏ పైపూ పగల్లేదు.

మరి నువ్వేం చేశావంటారా?
సూపు వేడి చేసుకున్నాను.
రేడియో గొంతు పెంచాను.
ఈ వీధిలో అందరికంటే తక్కువ అద్దె నాది,
క్రిస్మస్‌కి వైనట్ పొగబెట్టిన చేప కూడా పంపేవాడు.
ఆ చేప తిన్న నోరు ఇది.
తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను,
దొంగతనం నాది కాకపోయినా.

ఫిబ్రవరిలో ఆమే దిగొచ్చింది,
మోచేతుల దాకా పిండి.
"పగటిపూట పైన ఏమైనా వినిపిస్తుందా మీకు?"
అని అడిగి, నేను నోరు తెరవకముందే
తనే సర్దుకుంది: "నా భ్రమేమో.
దువ్వెన పెట్టిన చోట ఉండటం లేదు.
దిండుకి నాది కాని వాసన."
తర్వాత ఫోను ముందుకు జరిపింది.
నిన్న పొద్దున గడప లోపల
గుప్పెడు పిండి చల్లి వెళ్ళిందట.
ఫొటోలో తెల్లటి నేల మీద
ఒక మగబూటు అడుగు,
మడమ దగ్గర అరిగిన గీతతో సహా.

నీళ్ళు నమిలాను.
నమిలి నమిలి, మింగలేక,
"మంగళవారాలు," అన్నాను. "ఫిరంగి తర్వాత."
"ఎన్ని?"
"పదకొండు."
లెక్కపెడుతూ వచ్చానని
అప్పుడే నాకూ తెలిసింది.
ఆమె కళ్ళలో ఆ క్షణం కనబడ్డది
వైనట్ మీద కోపం కాదు.

ఒప్పందం ఆగస్టు దాకా ఉంది.
ఇంకొక్క రాత్రి కూడా తను ఉండలేనంది.
తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకుంటోందట,
ఆ కుర్చీ ఈడ్చిన చప్పుడూ విన్నాను నేను,
ఇల్లు సర్దుకుంటోందనుకున్నాను.
ఆఫీసులో ఎవరో చెప్పారట,
విన్నవాళ్ళు రాసిస్తే బలంగా ఉంటుందని.
బల్ల మీద కాగితం పెట్టింది.
తాళ్ళు పట్టిన వేళ్ళకి కలం జారుతుంది.
పదకొండు తేదీలు, ఒకదాని కింద ఒకటి.
కింద సంతకం పెడుతుంటే
ఆ చేప గుర్తొచ్చింది, అబద్ధమెందుకు.

శనివారం నాడు ఆమె పినతల్లి కొడుకు ట్రక్కు తెచ్చాడు.
రెండు ట్రిప్పులు.
పరుపు మాత్రం వద్దంది, అక్కడే వదిలేసింది.
ఆఖరిసారి దిగేటప్పుడు
బూట్లు కాళ్ళకే ఉన్నాయి.
ప్రతి మెట్టునీ దబదబా తొక్కుతూ దిగింది,
ఇల్లంతా వినేలా.
నా తలుపు ముందు ఆగలేదు.

మంగళవారం వచ్చింది.
ఫిరంగి పేలింది.
ఖాళీ ఇల్లే కదా పైన,
అయినా అవే అడుగులు.
తలుపు, వంటగది, పడకగది.
ఆగాయి. చెక్క మూలిగింది.

చీపురు తిరగేసి పట్టుకున్నాను.
కర్రతో నా కప్పుని మూడుసార్లు పొడిచాను.
సున్నం రాలి సూపులో పడింది.

చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత అడుగులు మెట్లు దిగి
నా గుమ్మం ముందు నిలబడ్డాయి.
ఈ ఇంటి తాళంచెవి కూడా ఆయన దగ్గరే ఉంది.
అది తాళంలో తిరగక ముందే
నేనే లేచి తలుపు తీశాను.