తొంభై రోజుల వెనక

మొదట్లో ఊరికే ఇచ్చారు.
ఊరికే వచ్చినదాన్ని ఎవరు తిరగేసి చూస్తారు?
సోచా నది లోయలో కొండ రక్షక దళం మాది,
నలభై ముగ్గురం, జీతం లేని కొలువు.
ఏ వాలు మీద మంచు కదిలిందో
ఎవరి మోకాలు సహకరించడం లేదో
ఎవరింట్లో బార్లీ జావ మిగిలిందో
అన్నీ ఆ చాట్‌లోనే పోశాం, పదకొండేళ్లు.
గాదె వాళ్లదని
గింజలు నిండాక తెలిసింది.

ఏప్రిల్లో ఉత్తరం వచ్చింది.
ఎంత మర్యాదో!
"మీ సౌకర్యం కోసమే" అని మొదలుపెట్టి
డబ్బు కట్టనివాళ్లకు ఇకపై
తొంభై రోజుల వెనక మాటలు కనపడవని ముగించారు.
పోవట. ఉంటాయట.
అద్దాల అలమరాలో మన గాజులే పెట్టి
తాళం వేసుకున్నట్టు.

లుద్విక్ పోయింది జనవరి మొదట్లో.
వేళ్ల మీద లెక్కపెట్టాను,
రెండోసారి కూడా.

సమావేశంలో మిలోయ్‌కా లేచింది.
జున్ను కర్మాగారంలో యంత్రాలు బాగుచేసే మనిషి,
మాట తక్కువ.
"నా దగ్గర పాత కంప్యూటర్ ఉంది.
అలాంటి చాట్ మనమే పెట్టుకోవచ్చు.
సాఫ్ట్‌వేర్‌కు ఖరీదు లేదు. నా ఆదివారాలకు ఉంది."
అంతే, కూర్చుంది.

బూట్లు ఆరబెట్టే గదిలో, పై అరలో,
తడితోలు వాసన మధ్య
మా సర్వర్ గురకపెట్టడం మొదలెట్టింది.
యెర్నేయ్ దాని మీద టోపీ ఆరేస్తే
మిలోయ్‌కా మూడు రోజులు అతనితో మాట్లాడలేదు.

పాత చోటి నుంచి సామాను దింపుకుందామని అడిగాం.
అందరూ చూసే గదుల్లో మాటలు మూటకట్టి ఇచ్చారు.
ఫొటోలు ఇవ్వలేదు, ఫొటోల చిరునామాలిచ్చారు,
అవీ వారం తిరిగేసరికి చెల్లలేదు.
ఇద్దరి మధ్య మాటలు ఇచ్చే పద్ధతే లేదన్నారు.
లుద్విక్ నాతో మాట్లాడిందంతా
ఇద్దరి మధ్యే.

ఒక్క నెలకు కడితే తలుపు తెరుచుకుంటుంది.
నా ఒక్కదానికి కడతానన్నాను. కుదరదట,
కడితే నలభై ముగ్గురికీ కట్టాలట,
లుద్విక్‌తో కలిపి.

కోశాధికారిని నేనే.
పద్దు రాశాను: "పూలు, లుద్విక్ సమాధికి."
ఇరవై ఏళ్లలో నేను రాసిన ఒకే ఒక్క దొంగలెక్క.
అది కూడా పూర్తిగా అబద్ధమేం కాదు.

ఆ రాత్రి తెర ముందు కూర్చుని
పద్దుల పుస్తకం వెనక ఖాళీ కాగితాల్లో
పెన్నుతో ఎత్తి రాసుకున్నాను.
"క్రన్ ఉత్తరపు వాలులో మ్యాపును నమ్మకు."
"నా ఇనప పార ఎవరు పట్టుకెళ్లారు?"
"కొత్త తాడు కొనేప్పుడు పిసినారితనం వద్దు."
చిట్టచివర, డిసెంబరు, రాత్రి పదకొండు దాటాక:
"నీ కిటికీలో దీపం కనిపిస్తోంది.
నిద్ర పట్టడం లేదా?"
దాని కింద నేను పెట్టిన జవాబు
ఒక బొటనవేలు బొమ్మ.

దాన్ని పెన్నుతో ఎలా రాయాలో తెలియక
కాసేపు ఆగాను.
తర్వాత గీశాను, వంకరగా.

నవంబరు మొదటి తుఫానుకే కరెంటు పోయింది,
మా సర్వర్ కూడా పడుకుంది.
యెర్నేయ్ నవ్వాడు, "వాళ్లదైతే పడేది కాదు."
నిజమే, పడేది కాదు.
మిలోయ్‌కా జవాబు చెప్పలేదు.
తలకు టార్చి కట్టుకుని, ట్రాక్టరు బ్యాటరీ మోసుకుంటూ
మోకాలి లోతు మంచులో వచ్చింది.
నేను బూట్లు పక్కకు జరిపి నిచ్చెన పట్టుకున్నాను.

సొంత కొంప కురిస్తే
గిన్నె ఎక్కడ పెట్టాలో మనకు తెలుసు.

గురక మళ్లీ మొదలైంది.
తెర మీద మొదటి మాట యెర్నేయ్‌ది:
"నా టోపీ చూశారా ఎవరైనా?"
బొటనవేలు పెట్టబోయి
ఆగి,
చూడలేదని రాశాను,
పూర్తి వాక్యంలో.