క్రియ చివర

గిండీ ఆఫీసులో నాలుగేళ్ళుగా
బహువచనంలో కాపురం చేస్తున్నాను.

"మా ఇంట్లోవాళ్ళు వంకాయ తినరు."
"నిన్న బీచికెళ్ళాం."
"వాళ్ళకి నైట్ షిఫ్టండీ."
'రు' చాలా వెడల్పు దుప్పటి.

"పెళ్ళానికి ఎంత మర్యాదిస్తావయ్యా!"
ముకుందరావు మెచ్చుకుంటాడు.
ఆ నోటితోనే
టీ కుర్రాడి నడక మీద ఏదో అంటాడు.
అందరితోపాటు నేనూ నవ్వుతాను,
కాస్త ముందుగానే.

ఇవాళ క్యారేజీ ఏదన్నారు.
రాత్రంతా నుదుట తడిగుడ్డ మార్చి మార్చి
నోరు కాపలా మరిచింది:
"జ్వరం. తెల్లారాకే పడుకున్నాడు."

డు.

ఏసీ చప్పుడు వినిపించింది.
ముకుందరావు చెంచా
అన్నంలో అలాగే నిలబడింది.

సుభాషిణి తన రసం గిన్నె
నా వైపు జరిపి,
"ఎంతుంది అతనికి?" అంది.