ఎడమకు కాస్త వాలిన అలమర

మా ఫారో దీవుల్లో చెట్టు నిలవదు.
గాలి ఒప్పుకోదు.
కలప కావాలంటే సముద్రాన్నే అడగాలి.
అడిగితే ఇవ్వదు.
తనకి బుద్ధి పుట్టిన రోజున
మా రేవు గులకరాళ్ళ మీద
బెరడూ లేని, ఊరూ పేరూ లేని దుంగనొకదాన్ని
పడేసి పోతుంది.

సైబీరియాది, అన్నాడు హోగ్ని, వాసన చూసి.
హోగ్నికి వాసనలు తెలుసు.

రెండేళ్ళు ఆరబెట్టాను దాన్ని
మాంసం ఎండేసే గాలిగుడిసెలో, గొర్రె తొడల పక్కన.
వాన పట్టిన ప్రతిసారీ
ఆరిందనుకున్న చెక్క మళ్ళీ ఉప్పు చెమటలు పోసేది.
ముప్పై ఒక్క ఏళ్ళు చేపల ఫ్యాక్టరీలో కత్తి పట్టిన చేయి నాది,
ముల్లు ఎక్కడుందో చర్మం మీంచే చెబుతుంది.
చెక్కకీ ముల్లుంటుంది.
చిత్రిక ఎదురు పట్టావో, పేళ్ళు లేచి
నీ చేతికే గుచ్చుకుంటాయి.

"ఎందుకే సున్వోర్ ఈ తిప్పలు,
టోర్స్‌హవ్న్‌లో కొంటే సాయంత్రానికి ఇంట్లో ఉంటుందిగా,"
అంది అక్క ఫోన్లో.
ఉంటుంది.
నాన్న సీసా గుర్తుందా అని అడగబోయి
వాతావరణం అడిగాను.

ఆ రోజుల్లో పన్ను కట్టినవాడికే
డెన్మార్క్ నుంచి ఓడలో మందు వచ్చేది.
బాకీ పడ్డ ఏడు, పొరుగువాడి రసీదు మీద
తెప్పించుకునేవాడు నాన్న.
ఉన్నది ఒక్క సీసా.
అది మా ఇంట్లో నాలుగు చోట్ల కాపురం చేసేది:
ఉన్ని బుట్ట అడుగున,
రబ్బరు బూట్లలో, ఎప్పుడూ ఎడమ దాంట్లోనే,
బొగ్గు డబ్బా వెనక,
పాదిరిగారు వచ్చిన రోజు నా మంచం కింద.
రాత్రి దానికోసం తడుముకుంటూ వచ్చే చేతికి
అడ్డం రాకుండా
నిద్ర నటించడం తొమ్మిదో ఏటే నేర్చుకున్నాను.

అందుకే గాజు తలుపు.
తాళం పెట్టలేదు.

గాజు ఒక ముసలి పడవ కిటికీది,
మూలన చిన్న పగులు. ఉండనీ.
కుసులు మొదట కుదరలేదు.
ఒకటి వదులు, ఒకటి బిగువు,
ఇంకొకటి నేను కోపంలో కోసింది, దాని సంగతి చెప్పను.
వెనక పలక నిండా సముద్రపు పురుగు తొలిచిన బెజ్జాలు,
చిటికెన వేలు దూరేంత.
లప్పం పెట్టమన్నాడు హోగ్ని.
నేను లోపల దీపం పెట్టాను.
గోడ మీద చుక్కలు పడ్డాయి.

బిగింపులు నాలుగూ అతనివే.
పలక రెండో కొస పట్టుకున్నదీ అతనే.
మానేసి పదకొండేళ్ళు.
"ఇది దేనికి" అని
కోతకు ముందూ అడగలేదు, జిగురు ఆరాకా అడగలేదు.
అంతా అయ్యాక రసమట్టం తెచ్చి పైన పెట్టాడు.
బుడగ కుడికి జరిగి కూర్చుంది.

ఎడమకు వాలింది, అన్నాడు.
నేల వాలింది, అన్నాను.
ఇల్లే వాలిందేమో, అన్నాడు.
దీవి దాకా పోకుండా ఇద్దరం ఆగాం.

పై అరలో ఆక్వావిట్, సగం జిన్ను,
ఎవరి పెళ్ళికో వచ్చి ఎవరూ మూత తీయని
పచ్చరంగు లిక్కరు.
నడిమి అరలో, కుడి పక్క,
హోగ్ని కంటికి సరిగ్గా అందే ఎత్తులో
మా పెరటి రూబార్బ్ రసం, ఆరు సీసాలు,
ఎర్రగా.
చూశాడు. చాలాసేపే చూశాడు.
"ఆ పక్క బరువుండాలి," అన్నాను,
"లేకపోతే ఇంకా వాలిపోతుంది."
అవునవును, అన్నాడు.
రెండు గ్లాసులు తుడిచాడు తన చొక్కాతో.

బిగింపులు మూడే తీసుకెళ్ళాడు.

పడమటి గాలి కొట్టిన రాత్రి
తలుపు దానంతటదే తెరుచుకుంటుంది,
సీసాలు ఒకదాన్నొకటి మోచేత్తో పొడుచుకుంటాయి.
కళ్ళు తెరుచుకునే వింటాను.
మడతబందు మార్చాలి.
చూద్దాం, ఎండ వస్తే.